ఆటగాళ్ల పట్టికలో మన ఊళ్ల పేర్లు ఉండనివ్వండి: నెబ్రాస్కా విశ్వవిద్యాలయ పాలకులకు బహిరంగ లేఖ

నెబ్రాస్కా విశ్వవిద్యాలయ రీజెంట్ల మండలి సభ్యులకు, లింకన్‌లోని క్రీడా విభాగం పెద్దలకు,

నమస్కారం.

నేను లింకన్‌లో ఉంటున్న తెలుగువాణ్ని. పుట్టింది కరీంనగర్ జిల్లాలోని ఒక పల్లెలో. మొక్కజొన్న విత్తనాల మీద పని చేస్తూ 20 ఏళ్లకు పైగా ఈ రాష్ట్రంలో తిరుగుతున్నాను. ఇక్కడి పౌరసత్వం వచ్చాక మొదట వేసిన ఓట్లలో ఒకటి రీజెంటు పదవికి వేశాను. మీరు 8 మందీ 8 నియోజకవర్గాల నుంచి మా ఓట్లతో గెలిచి ఆ కుర్చీల్లో కూర్చున్నవారు కాబట్టి మిమ్మల్ని అడిగే హక్కు నాకుందని నమ్ముతున్నాను. ఈ ఉత్తరం ఇంగ్లీషు ప్రతిని మీకు విడిగా పంపాను. తెలుగులో కూడా ఎందుకు రాస్తున్నానంటే, శనివారం వస్తే ఎర్ర చొక్కా వేసుకుని స్టేడియానికి బయల్దేరే మా తెలుగువాళ్లకు మన విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టులో స్కాలర్‌షిప్ లేకుండా వచ్చే ఇక్కడి ఊళ్ల పిల్లలకు చోటు ఎలా కరువవుతోందో తెలియాలని. మీకు కొట్టినపిండి లాంటి సంగతులు కొన్ని మళ్లీ చెప్పవలసి వస్తుంది. ఓపికతో చదవండి.

ఈ రాష్ట్రంలోని ఊళ్ల పేర్లు నాకు నేర్పింది మీ ఫుట్‌బాల్ జట్టు పట్టికే. వచ్చిన మొదటి ఏడాది తోటి ఉద్యోగి ఒకాయన నన్ను ఆటకు తీసుకెళ్లాడు. ఆట ఒక్క ముక్క అర్థం కాలేదు. చేతిలో ఉన్న పుస్తకం తెరిచి ఆటగాళ్ల పట్టిక చూస్తూ కూర్చున్నాను. పేరు, చొక్కా నంబరు, ఎత్తు, బరువు, చివరి గడిలో సొంత ఊరు. టెక్సస్, కాలిఫోర్నియా, ఫ్లోరిడా పట్టణాల మధ్య నేనెన్నడూ వినని చిన్న చిన్న పేర్లు కనిపించాయి. పక్క సీటులోని పెద్దాయన నా అవస్థ గమనించి, ఒక్కొక్క పేరు మీద వేలు పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. ఇది పడమట ఇసుక దిబ్బల్లో ఉంటుంది, ఇది ప్లాట్ నది ఒడ్డున ఉంటుంది, ఈ ఊళ్లో రెండు చర్చిలు, ఒక ధాన్యం గోదాము తప్ప మరేమీ లేవు. అలా చెప్పుకుంటూ పోయాడు. ఆ చిన్న ఊళ్ల పిల్లల్లో చాలామంది స్కాలర్‌షిప్ లేకుండా వచ్చినవారని తర్వాత తెలిసింది.

స్వదేశంలో ఇది చదివేవారి కోసం ఒక మాట. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట కాదు. కోలగా ఉండే బంతిని చేతబట్టి, ఎదుటివారిని ఢీకొంటూ గజం గజం ముందుకు సాగే ఆట. పెద్ద విశ్వవిద్యాలయాలు మెరికల్లాంటి ఆటగాళ్లను హైస్కూల్లో ఉండగానే గాలించి పట్టుకుని, ఫీజు, వసతి, భోజనం అన్నీ తామే భరించి తెచ్చుకుంటాయి. అది స్కాలర్‌షిప్ దారి. ఇంకో దారి ఉంది. స్కాలర్‌షిప్ దొరకకపోయినా తన ఫీజు తానే కట్టుకుని, చదువుకుంటూ, జట్టులో చోటు కోసం రోజూ ప్రాక్టీసుకు వచ్చే కుర్రాడి దారి. అలాంటి కుర్రాణ్ని వాక్-ఆన్ అంటారు. కొందరికి కోచ్‌లే ఫోను చేసి, డబ్బు ఇవ్వలేం గాని జట్టులో చోటిస్తాం రమ్మంటారు. మిగతావారు తమంతట తామే వచ్చి తలుపు తడతారు. మన భాషలో చెప్పాలంటే పిలవని పేరంటానికి వచ్చినవారు. మన దగ్గర ఆ మాటను చిన్నచూపుతో వాడతాం. నెబ్రాస్కాలో మాత్రం 50 ఏళ్లకు పైగా అలా వచ్చినవాడికి విస్తరి వేసి, అందరితో పాటు వడ్డించారు.

ఇక్కడే ఎందుకు ఇంత బలంగా పాతుకుపోయిందంటే, ఈ నేల తీరు అలాంటిది. రాష్ట్రమంతా కలిపి 20 లక్షల మందికి అటూ ఇటూ. వృత్తి ఫుట్‌బాల్ జట్టు లేదు. 93 కౌంటీల్లో ఎక్కడికి వెళ్లినా మన జట్టు అంటే ఒకటే జట్టు. యుద్ధంలో ప్రాణాలిచ్చిన నెబ్రాస్కా వాసుల జ్ఞాపకార్థం 1923లో కట్టిన స్టేడియంలో 1962 నవంబరు 3 నుంచి ఇంటి మైదానంలో జరిగిన ప్రతి ఆటకూ టికెట్లన్నీ అమ్ముడుపోతూనే ఉన్నాయి. ఆ లెక్క 400 ఆటలు దాటింది. ఆట ఉన్న రోజు ఓమహా, లింకన్ తర్వాత రాష్ట్రంలో మూడో పెద్ద పట్టణం ఆ స్టేడియమే. ఇంత ప్రేమ ఉన్నా, 20 లక్షల మందిలో దేశం మెచ్చే ఆటగాళ్లు ఏటా డజన్ల కొద్దీ పుట్టరు. ఆ లోటు పూడ్చుకునే ఉపాయమే ఈ ఆచారానికి మూలం.

1973లో కళాశాల క్రీడల జాతీయ సంఘం, అందరూ ఎన్‌సీఏఏ అని పిలిచే సంస్థ, ఫుట్‌బాల్‌లో ఒక్కో విశ్వవిద్యాలయం 105 మందికి మించి స్కాలర్‌షిప్ ఇవ్వకూడదని హద్దు గీసింది. తర్వాత అది 95కు, 1990ల నడిమికి 85కు దిగింది. హద్దు మొదలైన ఆ 1973లోనే ఇక్కడ ప్రధాన కోచ్‌గా వచ్చినవారు టామ్ ఆస్బర్న్. హేస్టింగ్స్‌లో పుట్టి పెరిగిన మనిషి, ఈ ఊళ్లు తెలిసిన మనిషి. హద్దు స్కాలర్‌షిప్‌లకే గాని మైదానంలోకి వచ్చే మనుషులకు లేదు. ఆయన ఆ సందును పెద్ద వాకిలి చేశారు. ఆ రోజుల్లో 150 మందికి పైగా ప్రాక్టీసు చేసేవారు. వారిని గట్టు మీద నిలబెట్టి చూడమనలేదు. ఒకే సమయంలో మైదానంలో నాలుగు చోట్ల ప్రాక్టీసు నడిచేది. దానివల్ల మూడో వరుస, నాలుగో వరుస కుర్రాడికి కూడా రోజూ చేతినిండా పని దొరికేది.

దీనికి తోడు బరువుల గది. 1969లో, బాబ్ డెవానీ ప్రధాన కోచ్‌గా ఉన్నప్పుడు, బాయిడ్ ఎప్లీ అనే మాజీ పోల్‌వాల్ట్ క్రీడాకారుణ్ని ఆటగాళ్ల దేహదారుఢ్యం చూసుకోవడానికే నియమించారు. అప్పట్లో అలాంటి ఉద్యోగమే ఇతర చోట్ల ఊహకు అందనిది. పొలం పనులతో గట్టిపడిన ఎముక, దాని మీద పద్ధతిగా పెంచిన కండ. మొదటి ఏడాది ఆటలోకి దింపకుండా అట్టేపెట్టి, అయిదేళ్ల పాటు సాకితే, 18 ఏళ్లప్పుడు ఎవరి కంటికీ ఆనని కుర్రాడు 22 ఏళ్లకు ఎవరికీ లొంగనివాడయ్యేవాడు. నేను విత్తనాల మనిషిని. నాటిన మర్నాడే కంకి అడగని ఓపిక విలువ నాకు తెలుసు. ఆస్బర్న్ 25 సీజన్లలో 255 ఆటలు గెలిచారు. ఏ సీజన్‌లోనూ 9 గెలుపులకు తగ్గలేదు. 1994, 1995, 1997 జాతీయ టైటిళ్లు ఈ ఓపిక మీద లేచినవే.

పేర్లు చెప్పమంటారా? బ్రెయినార్డ్‌లోని ఈస్ట్ బట్లర్ హైస్కూలు నుంచి మకోవికా అన్నదమ్ములు నలుగురు, జెఫ్, జోయెల్, జస్టిన్, జోర్డాన్, ఒకరి తర్వాత ఒకరు ఇదే దారిలో వచ్చారు. 1995 విజేత జట్టులో ఫుల్‌బ్యాక్ జెఫ్. ఫుల్‌బ్యాక్ అంటే బంతి పట్టి పేరు తెచ్చుకునేవాడు కాదు, బంతి పట్టినవాడికి దారి చేయడానికి తాను ముందుగా వెళ్లి గుద్దుకునేవాడు. తమ్ముడు జోయెల్ 1999లో వృత్తి ఆటకు వెళ్లాడు. ఎల్కార్న్ కుర్రాడు స్పెన్సర్ లాంగ్‌ను 2014లో వృత్తి ఆటగాళ్ల ఎంపికలో వాషింగ్టన్ జట్టు మూడో రౌండులోనే తీసుకుంది. గ్రెట్నా నుంచి వచ్చిన ఆండీ జానోవిచ్ 2016 సెప్టెంబరులో డెన్వర్ వృత్తి జట్టు తరఫున మొదటిసారి బంతి అందుకుని 28 గజాలు పరిగెత్తి, చివరి గీత దాటి టచ్‌డౌన్ చేశాడు. వీళ్లందరూ స్కాలర్‌షిప్ లేకుండానే ఇక్కడ మొదటి రోజు ప్రాక్టీసుకు దిగినవారు. వాకిలి తెరిచి ఉంటే దూరం వాళ్లూ వస్తారన్నది ఇంకో సంగతి. సౌత్ కరొలైనా నుంచి తనంతట తానే వచ్చిన ఐ.ఎం. హిప్ 1977లో ఇండియానా మీద ఒక్క ఆటలో 254 గజాలు పరిగెత్తాడు. ఎవరూ పిలవకుండా ఎక్కడి నుంచో ఈ నేలకు వచ్చినవాణ్ని కాబట్టి ఆ పేరు నాకు మరీ ఇష్టం.

అయితే ఈ పేర్లు చూపించి నేను బేరమాడదలచుకోలేదు. వాక్-ఆన్‌లలో ఎందరో ఏ రికార్డుకూ ఎక్కలేదు. వారి గురించే నేను ఎక్కువ చెప్పాలి.

పని మీద ఒకసారి ఒక చిన్న ఊళ్లో రైతుల సహకార సంఘం కార్యాలయానికి వెళ్లాను. ధాన్యం తేమ కొలిచే యంత్రం పక్కన గోడకు ఒక ఫొటో వేలాడుతోంది. ఎర్ర చొక్కా, తెల్ల అంకెలు, చంకలో హెల్మెట్, ఎండకు చిట్లించిన కళ్లు. అద్దం మీద ధాన్యపు దుమ్ము పేరుకోకుండా ఎవరో రోజూ తుడుస్తున్నట్టుంది. గోడ మీద మిగతావన్నీ దుమ్ము పట్టి ఉన్నాయి, అదొక్కటే మెరుస్తోంది. ఎవరని అడిగాను. మా ఊరి కుర్రాడు, వాక్-ఆన్ అన్నాడు బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన. నాలుగేళ్లలో అతను ఆటలోకి దిగింది కొద్ది నిమిషాలేనట. అదీ గెలుపు ఖాయమయ్యాక, ప్రేక్షకులు ఇంటిముఖం పట్టే వేళలో. ఆ కాసేపూ రేడియో ముందు మేమందరం లేచి నిలబడ్డామండీ అని చెబుతున్నప్పుడు ఆయన కుర్చీలోంచి సగం లేచాడు.

మరి మిగతా కాలమంతా ఆ కుర్రాడు ఏం చేసినట్టు? వారమంతా ఎదుటి జట్టు వేషం కట్టాడు. వచ్చే శనివారం ఎవరితో ఆడాలో వారి ఎత్తుగడలను అట్టల మీద గీసి చూపిస్తారు. వాక్-ఆన్‌లు ఆ అట్ట చూసి, శత్రువు ఎలా కదులుతాడో అలాగే కదిలి, మన మొదటి వరుస ఆటగాళ్ల చేత దెబ్బలు తింటారు. సోమవారం ఒక జట్టు, మళ్లీ సోమవారం ఇంకో జట్టు. శనివారం మనవాళ్లు తడుముకోకుండా ఆడితే అది ఎవరి చలవో మైదానంలోకి దిగే ఆ 11 మందికీ తెలుసు. టీవీలో చూసేవారికి తెలియదు. నల్ల చొక్కా కథ కూడా ప్రాక్టీసు మైదానానిదే. 1960ల నుంచి రక్షణ వరుసలో మొదటివారికి ప్రాక్టీసులో ఇచ్చే ఆ చొక్కా స్కాలర్‌షిప్ కాగితం చూసి ఇచ్చేది కాదు.

సామ్ ఫోల్ట్జ్ గురించి చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. గ్రాండ్ ఐలండ్ హైస్కూలు నుంచి వాక్-ఆన్‌గా వచ్చి, స్కాలర్‌షిప్ సంపాదించి, 2015లో, నెబ్రాస్కా ఆడే విశ్వవిద్యాలయాల కూటమి బిగ్ టెన్‌లోనే ఉత్తమ పంటర్‌గా పేరు తెచ్చుకున్నాడు. ముందుకు సాగలేని స్థితిలో బంతిని కాలితో దూరంగా తన్ని జట్టును గండం నుంచి గట్టెక్కించేవాడు పంటర్. 2016 జులై 23న విస్కాన్సిన్‌లో కారు ప్రమాదంలో పోయాడు. సెప్టెంబరు 3న సీజన్‌లో మొదటి ఆట, ఫ్రెస్నో స్టేట్‌తో. నేను ఆ సాయంత్రం తూర్పు వైపు మెట్ల మీద ఉన్నాను. మొదటిసారి పంట్ చేయవలసి వచ్చినప్పుడు మనవాళ్లు 10 మందే మైదానంలోకి వచ్చారు. 10 మందీ ఎవరి చోట్లో వారు నిలబడ్డారు. వెనక పంటర్ ఉండవలసిన చోట ఎవరూ లేరు. గడియారం తిరుగుతోంది. అందరూ లేచారు. నా ముందు వరుసలో ఒకావిడ 27 అంకె రాసిన అట్టను రెండు చేతులతో గుండెకు ఆనించుకుని ఉంది. అది అతని చొక్కా నంబరు. గడువు దాటింది, రిఫరీ పసుపు గుడ్డ విసిరాడు. నిబంధన ప్రకారం మనకు 5 గజాలు వెనక్కి శిక్ష. ఎదుటి జట్టు ఆ శిక్ష వద్దని చెప్పింది. స్టేడియంలో చప్పట్లు మోగాయి. దాదాపు 90 వేల మంది ఆ ఖాళీ చోటుకేసి చూస్తూ చప్పట్లు కొడుతున్నారు.

స్కాలర్‌షిప్ కూడా లేకుండా వచ్చిన ఒక పల్లె కుర్రాడి ఖాళీని రాష్ట్రం అంత స్పష్టంగా చూసింది. ఇప్పుడు మీరు తీసుకోబోయే నిర్ణయాల వల్ల ఎన్ని ఖాళీలు ఏర్పడతాయో కూడా చూడమని అడుగుతున్నాను.

మార్పు ఎలా వచ్చిందో క్లుప్తంగా చెబుతాను. అరిజోనా స్టేట్‌లో ఈతగాడిగా ఉన్న గ్రాంట్ హౌస్ పేరుతో ఎన్‌సీఏఏ మీద 2020లో మొదలైన దావా, 2025 జూన్ 6న న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించిన ఒప్పందంతో ముగిసింది. పాత ఆటగాళ్లకు పదేళ్లలో 280 కోట్ల డాలర్లు చెల్లించాలి. ఇకపై విశ్వవిద్యాలయాలు తమ ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వవచ్చు, మొదటి ఏడాదికి హద్దు సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. దానితో పాటే స్కాలర్‌షిప్‌ల హద్దు పోయి మనుషుల హద్దు వచ్చింది. ఫుట్‌బాల్ జట్టులో మొత్తం 105 మందే ఉండాలి, డబ్బు తీసుకునేవారైనా తీసుకోనివారైనా.

అంకె గమనించండి. 1973లో 105 అన్నది స్కాలర్‌షిప్‌లకు పెట్టిన హద్దు. దాని బయట ఎందరైనా ఉండవచ్చు కాబట్టే వాక్-ఆన్ ఆచారం ఈ నేల మీద పెరిగింది. 2025లో అదే 105 జట్టు మొత్తానికి హద్దయింది. బయట అన్న చోటే ఇప్పుడు లేదు.

ఆటగాళ్లకు డబ్బు ఇవ్వడం నాకు నూటికి నూరుపాళ్లు సమ్మతమే. వాళ్ల ఆట మీద టీవీ సంస్థలు, కోచ్‌లు, విశ్వవిద్యాలయాలు దశాబ్దాల పాటు సంపాదించుకుంటే వాళ్లకు దక్కింది ఫీజు, భోజనం మాత్రమే. ఆ అన్యాయం సరిచేసిన తీర్పుకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. నా బాధల్లా ఒకటే. ఆ తీర్పు వల్ల ఒక్క డాలరు కూడా అడగని కుర్రాడు ఎందుకు నష్టపోవాలి? ఇదే ప్రశ్న న్యాయస్థానంలోనూ లేచింది. 2025 ఏప్రిల్‌లో న్యాయమూర్తి ఒప్పందాన్ని ఆపింది ఈ హద్దు వల్ల చోటు పోగొట్టుకునే పిల్లల కోసమే. ఆ తర్వాత, అప్పటికే జట్లలో ఉండి చోటు పోయినవారిని, పోబోయేవారిని 105లో లెక్కించనక్కర్లేదని సడలింపు ఇచ్చారు. ఆ సడలింపు వారు కళాశాలలో ఆడగలిగినంత కాలమే, అదీ విశ్వవిద్యాలయం తీసుకోదలిస్తేనే. ఇప్పుడు ఏదో ఊళ్లో తొమ్మిదో తరగతి చదువుతూ, సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక నాన్నతో పాటు పశువులకు మేత వేస్తున్న కుర్రాడికి ఆ సడలింపు వర్తించదు.

కోచ్‌ల మీద ఒత్తిడి నాకు తెలుసు. ఆటగాళ్లు విశ్వవిద్యాలయం మారడానికి పేరు నమోదు చేసుకునే బదిలీ పోర్టల్ వచ్చాక మరో విశ్వవిద్యాలయంలో ఇప్పటికే రాటుదేలిన 22 ఏళ్ల ఆటగాడు వారం రోజుల్లో దొరుకుతున్నాడు. అలాంటప్పుడు 18 ఏళ్ల పల్లె కుర్రాణ్ని అయిదేళ్లు సాకే తీరిక ఎవరికుంటుంది? ఈ ఏడాది గెలవకపోతే వచ్చే ఏడాది కోచ్‌కు ఉద్యోగం ఉండదు. ఆస్బర్న్ దిగిపోయాక ఇక్కడ ఆరుగురు ప్రధాన కోచ్‌లు వచ్చారు. వారి చేతిలో పెడితే 105లో ప్రతి చోటూ ఈ శనివారం లెక్కకే పోతుంది. అది వారి తప్పు కాదు. అందుకే ఈ పని కోచ్‌లకు వదలకుండా మీరు చేయాలి. కోచ్ వస్తాడు, పోతాడు. మండలి చేసిన తీర్మానం నిలుస్తుంది.

నేను అడిగేది ఇది. 105 చోట్లలో 30 చోట్లను నెబ్రాస్కా హైస్కూళ్ల నుంచి స్కాలర్‌షిప్ లేకుండా వచ్చే పిల్లలకు కేటాయిస్తూ తీర్మానం చేయండి. 30 ఎక్కువనిపిస్తే ఒక్కసారి లెక్క చూడండి. వృత్తి ఫుట్‌బాల్‌లో ఒక జట్టు ప్రధాన పట్టికలో ఉండేది 53 మంది. 30 తీసేసినా మీ చేతిలో 75 చోట్లు ఉంటాయి, వాటిలో మీకు నచ్చినవారిని నచ్చిన చోటి నుంచి తెచ్చుకోండి. ఆ 30 మందిలో ఎవరైనా ఎదిగి స్కాలర్‌షిప్‌కు తగినవాడైతే ఇవ్వండి, అతని స్థానంలో ఇంకో కుర్రాణ్ని తీసుకోండి. జట్టు సమావేశంలో కోచ్ ఒక వాక్-ఆన్ పేరు పిలిచి స్కాలర్‌షిప్ ప్రకటించినప్పుడు సహచరులందరూ అతని మీద పడి ఎత్తుకుంటారే, ఆ దృశ్యం ఈ రాష్ట్రంలో కరువు కాకూడదు.

రెండో సంగతి మీ చేతుల్లోనే పూర్తిగా లేదు, కానీ మీరు గొంతెత్తితే వినేవారున్నారు. స్కాలర్‌షిప్ గాని ఆదాయంలో వాటా గాని తీసుకోని విద్యార్థిని 105 లెక్కలోంచి మినహాయించాలని బిగ్ టెన్ సమావేశాల్లోనూ, ఎన్‌సీఏఏ ముందూ నెబ్రాస్కా పట్టుబట్టాలి. ఈ మాట అడగడానికి మనకున్న అర్హత ఇంకెవరికీ లేదు. డెవానీ దగ్గర ఇక్కడే ఆడిన బ్యారీ అల్వరెజ్ 1990లో విస్కాన్సిన్‌కు కోచ్‌గా వెళ్లి ఈ పద్ధతినే అక్కడ నాటారు. టోనీ అనే పల్లె నుంచి వాక్-ఆన్‌గా వచ్చిన జిమ్ లెన్‌హార్డ్, వేరే విశ్వవిద్యాలయంలో స్కాలర్‌షిప్ వదులుకుని సొంత రాష్ట్రానికి వాక్-ఆన్‌గా తిరిగివచ్చిన జె.జె. వాట్ అక్కడి పంట. మన విత్తనం అక్కడ కాసింది. వారిని కలుపుకుని అడిగితే గొంతు ఇంకా గట్టిగా ఉంటుంది.

ఆచారాన్ని నియమంగా ఎలా కాపాడుకోవాలో టెక్సస్ ఏ అండ్ ఎం చూపించింది. 1922 జనవరి 2న డాలస్‌లో సెంటర్ కాలేజీతో ఆట జరుగుతుండగా, దెబ్బలతో ఆటగాళ్లు తరిగిపోతుంటే, ఇ. కింగ్ గిల్ అనే విద్యార్థి ప్రేక్షకుల్లోంచి దిగివచ్చి చొక్కా వేసుకుని అవసరమైతే ఆడతానని ఆట అయిపోయేదాకా గట్టున నిలబడ్డాడు. అతణ్ని దింపే అవసరం రాలేదు, వాళ్ల జట్టు 22-14తో గెలిచింది. ఆ నిలబడిన మనిషి గుర్తుగా 12వ నంబరు చొక్కాను ఇప్పటికీ ఒక వాక్-ఆన్‌కే ఇస్తారు. వందేళ్లు దాటినా అది ప్రకటనల్లో బొమ్మగా మిగిలిపోకుండా మైదానంలో బతికి ఉందంటే, ఎవరో కూర్చుని దాన్ని నియమం చేశారు కనుకనే.

ఇంకొక్క మనవి, ఇది డబ్బుతోనూ నిబంధనలతోనూ పని లేనిది. చోటు లేకపోతే లేదని పిల్లలకు ముందే చెప్పండి. హైస్కూలు చివరి ఏడాది శీతాకాలంలోనే తెలిస్తే ఆ కుర్రాడు కర్నీలోనో హేస్టింగ్స్‌లోనో చిన్న కాలేజీలో ఆడుకుంటాడు. ఆశ పెట్టి, ఆగస్టులో తరగతులు మొదలయ్యే ముందు లేదనడం పంట కోతకు వచ్చాక కాలువ మూసినట్టే.

మీ జట్టు పేరు కార్న్‌హస్కర్స్. మొక్కజొన్న కంకుల పొత్తులు ఒలిచేవారని అర్థం. ఈ పేరు మొదటిసారి విన్నప్పుడు నాకు మా ఇంటి వాకిలి గుర్తొచ్చింది. కోత అయ్యాక కంకులన్నీ కుప్పపోసి, దీపం పెట్టుకుని ఇంటిల్లిపాదీ, ఇరుగుపొరుగువారూ కూర్చుని పొత్తులు ఒలిచేవాళ్లం. ఎండిన ఆకు అంచులు వేళ్లను సన్నగా కోసేవి, మర్నాడు అన్నం కలుపుకుంటే కారం మండేది. ఎవరి పొలం కంకులని ఎవరూ చూసేవారు కాదు, పిలవకపోయినా వచ్చి కూర్చునేవారు. ఇక్కడికి వచ్చాక ఒక రైతు తన కొట్టంలో మేకుకు వేలాడదీసిన పాత పనిముట్టు నా చేతికి తొడిగాడు. అరచేతికి కట్టుకునే తోలు పటకా, దాని మీద ఇనుప కొక్కెం. యంత్రాలు రాకముందు వాళ్ల తాత దానితోనే పొత్తులు చీల్చేవాడట. తోలు లోపలి వైపు చెమటకు నల్లబడి, ఆ చేతి ఆకారం అలాగే నిలిచిపోయి ఉంది. ఆ కొట్టం గోడ మీద కూడా ఎర్ర చొక్కాలో ఒక కుర్రాడి ఫొటో ఉంది, ఆ రైతు మేనల్లుడిది.

స్టేడియం గోడ మీద తత్త్వశాస్త్ర ఆచార్యుడు హార్ట్‌లీ బర్ అలెగ్జాండర్ చెక్కించిన మాటలు మీరు రోజూ చూస్తారు. విజయం కాదు, చేసే పని. గమ్యం కాదు, ఆట. కీర్తి అంతా ఆ పనిలోనే. ఫలం సంగతి వదిలి పని మీద మనసు పెట్టమని మా తాతయ్య చెప్పిన మాట ఇంత దూరంలో రాతి మీద చదివి నేను ఆ రోజు చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. ఈ మాటను నాలుగేళ్ల పాటు ఒళ్లు హూనం చేసుకుని ఆచరించింది, కొద్ది నిమిషాలు ఆడి ఊరికి తిరిగివెళ్లిన ఆ పిల్లలే.

మండలి తదుపరి సమావేశంలో పౌరులు మాట్లాడే సమయానికి నేను పేరు నమోదు చేయించుకుంటాను. తీర్మానం చేస్తే చేతులు జోడించి వెళ్తాను, చేయకపోతే ఆ తర్వాతి సమావేశానికి మళ్లీ వస్తాను. ఆగస్టులో కొత్త పట్టిక వెలువడగానే నేను ముందుగా చూసేది చివరి గడిలో సొంత ఊళ్ల పేర్లే. ఆ పెద్దాయన వేలు పెట్టి చూపించినట్టు ఈసారి నా పక్క సీటులో కూర్చునే కొత్తవారికి నేను చూపించాలి.

ఇట్లు,
లింకన్ నుంచి ఒక తెలుగు ఓటరు